మట్టి లేని మొక్క మొదలు ఎందుకు కుళ్ళుతోంది? ఎయిర్ ప్లాంట్లు: సమస్య - పరిష్కారం

మొదలు నల్లబడి మెత్తగా ఉంది, మధ్య ఆకులు ఊడి వచ్చేస్తున్నాయి

పైకి పచ్చగానే ఉంటుంది. మధ్యలో ఒక ఆకు పట్టుకుంటే చాలు, జారి చేతిలోకి వచ్చేస్తుంది. తిప్పి చూస్తే అడుగున గోధుమరంగు గుజ్జు, కుళ్ళు వాసన. విజయనగరంలో మా ఇంట్లో ఇన్నేళ్లలో పోయిన మొక్కల్లో ఎక్కువ ఇలాగే పోయాయి. నీళ్లు చాలక కాదు, తడి ఆరక.

టిలాండ్సియా (ఎయిర్ ప్లాంటు అసలు పేరు) వేళ్లు పట్టు కోసమే. మామిడి కొమ్మ మీది బదనికలా ఇది రసం పీల్చదు. నీళ్లు తాగేది ఆకుల మీద బూడిద చల్లినట్టు కనిపించే సన్నని పొలుసులు. పైగా ఇది గాలి లోపలికి తీసుకునేది రాత్రిపూట. సాయంత్రం తడిపితే ఆ నీటిపొర ఊపిరికి అడ్డుపడుతుంది.

నా మొదటి అయోనాంతాను (ఇదో టిలాండ్సియా రకం) కొబ్బరి చిప్పలో పీచు పరిచి కూర్చోబెట్టాను. పిట్టగూడులా ముచ్చటగా ఉండేది. శ్రావణంలో ముసురు పట్టి పీచు రోజుల తరబడి ఆరలేదు. వాన వెలిశాక ఎత్తితే ఆకులు పైకి వచ్చాయి, మొదలు చిప్పలోనే ఉండిపోయింది.

మధ్య చిగురు ఊడితే తల్లి మొక్క ఇక పెరగదు. బయటి ఆకులే మెత్తబడితే వాటిని తీసేసి, మొక్కను తలకిందులుగా పెట్టి ఫ్యాను గాలికి ఆరనివ్వండి. వారం దాకా తడపొద్దు. పీచు, నాచు పూర్తిగా తీసేయండి. చిప్పే కావాలనుకుంటే అడుగున కన్నం పెట్టి, మొక్కను పక్కకు వాల్చి కట్టండి. జిగురు కన్నా గేలానికి వాడే నైలాన్ దారం నాకు నచ్చుతుంది. విప్పి మొక్కనొక్కదాన్నే నీళ్లలో ముంచొచ్చు, చిప్పో చెక్కో నానదు. బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో వీణలు చెక్కగా మిగిలిన పనస ముక్క ఒకటి నాకు దొరికింది. వార్నిష్ లేదు కాబట్టి దాని మీద మొక్క హాయిగా ఉంది.

ఉదయం పూట 20-30 నిమిషాలు ముంచి, గట్టిగా దులిపి, బోర్లించండి. నాలుగు గంటల్లో ఆరిపోవాలి. మామూలుగా వారానికోసారి, ఎండాకాలంలో రెండుసార్లు చాలు. ముసురు రోజుల్లో ముంచడం మానేయండి. బల్బోసా అనే రకానికి ఉల్లిగడ్డలాంటి మొదలుంటుంది, నీళ్లు లోపలే నిలుస్తాయి. దాన్ని ముంచకుండా పైపైన తడపండి.

ఇత్తడి పళ్లెంలో పెట్టాక వాడిపోతోంది

శ్రీకాకుళం జిల్లా బుడితి ఇత్తడి మీద వెండిరంగు ఆకులు ఎంత అందంగా ఉంటాయో నాకూ తెలుసు. కానీ ఇత్తడిలోనూ కంచులోనూ రాగి ఉంటుంది. తడి మొక్క తగిలితే ఆ రాగి ఆకుల్లోకి చేరుతుంది, ఈ జాతికి రాగి విషం. వెంటనే తీసి వాననీటితో బాగా కడగండి. తేరుకుంటుందని మాత్రం మాట ఇవ్వలేను. పళ్లెం మీద మట్టి ప్రమిద పెట్టి, మొక్క బాగా ఆరాక అందులో ఉంచితే ముచ్చటా తీరుతుంది, మొక్కా బతుకుతుంది.

రాగి తీగతో కట్టకండి, అల్యూమినియం తీగ వాడండి. ఇంకో మాట, కుళ్ళు కనిపించగానే తోటకు తెచ్చిన కాపర్ ఆక్సీక్లోరైడో బోర్డో మిశ్రమమో, ఏదో ఒక తెగులు మందు కొట్టేస్తుంటారు. దయచేసి వద్దు. అదీ రాగే.

ఆకుల కొసలు ఎండుతున్నాయి

బోరు నీళ్లలోని లవణాలు పొలుసుల మీద పేరుకుంటాయి. బకెట్‌లో వాననీళ్లు పట్టి వాడండి. ఎండిన కొసలను ఏటవాలుగా కత్తిరించండి. కళింగపట్నం తీరంలో ఏరుకొచ్చిన కొయ్య మీద కట్టారా? అయితే అందులోని ఉప్పు కారణం కావచ్చు. రోజూ నీళ్లు మారుస్తూ రెండు వారాలు నానబెట్టి, ఎండబెట్టాకే మొక్కను ఎక్కించండి.

ఆకులు ముడుచుకుంటే దాహం, ఆ రోజు రెండు మూడు గంటలు ముంచండి. తెల్లగా మచ్చలు పడితే నేరుగా ఎండ తగులుతోంది, తూర్పు కిటికీకి మార్చండి.

పూసింది, ఆ తర్వాత నీరసిస్తోంది

ఇది జబ్బు కాదు. ఒక్కో మొక్క ఒక్కసారే పూస్తుంది. పడేయకుండా మొదలు దగ్గర ఆకులు కొంచెం విడదీసి చూడండి, గోరంత పిల్లలు కనిపిస్తాయి. తల్లిలో మూడో వంతు అయ్యేదాకా వాటిని విడదీయకండి. అప్పటిదాకా వాటికి తిండి ఆ వాడుతున్న తల్లి ఆకుల నుంచే అందుతుంది.