చిన్న కోతతో గుండె ఆపరేషనా? తేదీ ఖాయం చేసుకునే ముందు చూడాల్సినవి

రొమ్ము ఎముక కోయకుండా, పక్కటెముకల సందులోంచి కవాటం సరిచేసేటప్పుడు హార్ట్-లంగ్ మెషిన్ (ఆపరేషన్ సమయంలో గుండె, ఊపిరితిత్తుల పని చేసే యంత్రం) గొట్టాలను చాలాసార్లు తొడ రక్తనాళాల్లోంచి వేస్తారు. మచ్చ చిన్నదే, ఏర్పాటు మాత్రం పెద్దది.

– ఛాతీ నుంచి తొడ దాకా రక్తనాళాలకు సీటీ తీశారా? అన్నింటికంటే ముందు ఇది. మెషిన్ పంపే రక్తం తొడ నుంచి బృహద్ధమనిలో (గుండె నుంచి బయల్దేరే ప్రధాన రక్తనాళం) ఎదురు దిశలో పైకి వెళ్తుంది. గోడలకు కొవ్వు, సున్నం పేరుకుని ఉంటే ముక్కలు ఊడి మెదడుకు చేరవచ్చు, పక్షవాతం రావచ్చు. గోడే చీలే ప్రమాదమూ ఉంది. సీటీకి ముందు, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించుకోండి.

– కుడి ఊపిరితిత్తికి క్షయ, నీరు చేరడం, ఆపరేషన్ లాంటివి ఉంటే, పాతికేళ్ల కిందటివైనా, చెప్పండి. కుడివైపు నుంచి వెళ్లే సర్జన్‌కు అతుక్కుపోయిన ఊపిరితిత్తి దారి ఇవ్వదు.

– బృహద్ధమని కవాటం లీకు ఎంత? ఎక్కువైతే, ఆపరేషన్ కోసం గుండెను ఆపే మందు హృదయ ధమనుల్లోకి సరిగా చేరదు.

– రక్తం గడ్డకట్టకుండా వాడే క్లోపిడోగ్రెల్‌ను సాధారణంగా 5 రోజుల ముందు ఆపిస్తారు. స్టెంట్ ఉన్నవారు సొంతంగా ఆపితే అది మూసుకుపోవచ్చు.

– డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మందులు వాడుతుంటే కనీసం 3 రోజుల ముందు ఆపాలి, డాక్టర్‌కు చెప్పే. చక్కెర మామూలుగా ఉన్నా కీటోయాసిడోసిస్ (రక్తంలో ఆమ్లాలు ప్రమాదకరంగా పెరగడం) రావచ్చు.

– హిమోగ్లోబిన్ తక్కువా? మెషిన్‌ గొట్టాలను ముందుగా నింపే ద్రవం రక్తాన్ని ఇంకా పలచన చేస్తుంది. పొట్టి గొట్టాల మినీ సర్క్యూట్ ఉంటే ఈ బెడద తక్కువ.

– అవసరమైతే పెద్ద కోతకు మారేందుకూ సమ్మతి ఇవ్వండి. వెనక్కి తగ్గని సర్జన్‌తోనే అసలు భయం.

– మెలకువ వచ్చాక కాలు చల్లబడినా, తిమ్మిరెక్కినా వెంటనే నర్సుకు చెప్పండి.