రాష్ట్రపతి ఎన్నికల లెక్క కట్టి పార్టీల మనసు పట్టుకోవడం ఎలా

రాష్ట్రపతి ఎవరవుతారన్నది చాలాసార్లు పోలింగ్‌కు ముందే తేలిపోతుంది. ఏ ప్రాంతీయ పార్టీ ఎటు జరిగిందన్నదే చూడాలి. అందుకు కాగితం, పెన్ను పట్టుకుని లెక్కలు వేయక తప్పదు.

ముందు ఎమ్మెల్యే ఓటు విలువ. రాష్ట్ర జనాభాను అసెంబ్లీకి ఎన్నికైన సభ్యుల సంఖ్యతో భాగించి, వచ్చినదాన్ని వెయ్యితో భాగించాలి. శేషం 500కు తగ్గకుంటే ఒకటి కలపాలి. జనాభా మాత్రం 1971 నాటిదే తీసుకోవాలి. చాలామంది ఇక్కడే తప్పులో కాలేస్తారు. ఆంధ్రప్రదేశ్‌ది 2,78,00,586. దాన్ని 175తో భాగిస్తే 1,58,860. వెయ్యితో భాగిస్తే 158, శేషం 860. కాబట్టి విలువ 159. తెలంగాణలో 1,57,02,122ను 119తో భాగిస్తే చివరికి 132 తేలుతుంది.

అన్ని రాష్ట్రాల ఎమ్మెల్యేల విలువను కూడి, ఎన్నికైన ఎంపీల సంఖ్యతో భాగిస్తే ఎంపీ ఓటు విలువ. 2022లో 5,43,231ని 776తో భాగిస్తే 700. 2017లో అది 708; 2022 నాటికి జమ్మూ కశ్మీర్‌కు అసెంబ్లీ లేక తగ్గింది. ఎమ్మెల్సీలను, నామినేటెడ్ సభ్యులను కలపొద్దు, వాళ్లకు ఓటు లేదు.

ఇప్పుడు పార్టీ బలం. 2022లో వైసీపీకి 151 మంది ఎమ్మెల్యేలు, అంటే 24,009. ఎంపీలు 31 మంది, అంటే 21,700. మొత్తం 45,709. అప్పుడు ఎన్డీయే సొంత బలం సగానికి కాస్త తక్కువ. ఇలా కొరత ఉన్నప్పుడు ఇచ్చే మద్దతుకు గిరాకీ ఉంటుంది. కొరత లేనప్పుడు ఇస్తే అది మంచి చేసుకోవడమే.

తర్వాత అభ్యర్థి ఊరూ వర్గమూ పక్కన పెట్టి చూడండి. 2022లో ఎన్డీయే అభ్యర్థి ద్రౌపది ముర్ము ఆదివాసీ, పైగా జార్ఖండ్ గవర్నర్‌గా చేశారు; ఆమెను జార్ఖండ్ ముక్తి మోర్చా (జేఎంఎం) కాదనలేకపోయింది. అయినా కాంగ్రెస్‌తో పొత్తు వదల్లేదు. 2017లో బిహార్ గవర్నర్‌గా ఉన్న ఎన్డీయే అభ్యర్థి కోవింద్‌కు బిహార్ ముఖ్యమంత్రి నీతీశ్ మద్దతిచ్చినప్పుడూ అదే సాకు వినిపించింది. కానీ కోవింద్ ప్రమాణం చేసిన మర్నాడే, జూలై 26న, నీతీశ్ రాజీనామా చేసి బీజేపీతో కలిశారు. తేడా ఎక్కడంటే, బిహార్ కూటమిలో గొడవ అప్పటికే ముదిరింది. కాబట్టి మద్దతు ప్రకటన ఒక్కటే చూసి పొత్తు మారిందనుకోవద్దు, కూటమి లోపలి తగాదా కూడా చూడాలి.

సొంత పార్టీలోనే చీలిక వస్తే? 1969 చూడండి. కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డి. ఇందిర ఆత్మప్రబోధం మేరకు ఓటేయమన్నారు. రెండో ప్రాధాన్య ఓట్లు (ఓటర్లు రెండో ఎంపికగా రాసినవి) లెక్కించాక స్వతంత్రుడిగా నిలిచిన వి.వి. గిరి 4,20,077తో గెలిచారు, రెడ్డికి 4,05,427. కొన్ని నెలలకే కాంగ్రెస్ రెండు ముక్కలైంది. ఈ ఎన్నికలో విప్ (ఫలానావారికే ఓటేయాలనే పార్టీ ఆదేశం) చెల్లదు, ఓటు రహస్యం. అందుకే లోపలి అసమ్మతి ఇక్కడ బయటపడుతుంది.

కౌంటింగ్ రోజున రాష్ట్రాలవారీ అంకెలను పార్టీ బలం పక్కన రాసుకోండి. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో పడిన 173 ఓట్లూ ముర్ముకే. అప్పుడు అక్కడ బీజేపీకి ఒక్క ఎమ్మెల్యే కూడా లేరు. తెలంగాణలో ఆమెకు మూడు, బీజేపీ ఎమ్మెల్యేలూ ముగ్గురే. అంటే అక్కడ ఎవరూ గోడ దూకలేదు.

చెల్లని ఓటును మాత్రం క్రాస్ ఓటింగ్ అనుకోవద్దు. కమిషన్ ఇచ్చే ఊదా ఇంకు పెన్నుతో ప్రాధాన్యాన్ని అంకెలో వేయాలి, '౧' అని తెలుగులో వేసినా సరే. 'ఒకటి' అని అక్షరాల్లో రాస్తే ఓటు పోయినట్టే. 2022లో 15 మంది ఎంపీల ఓట్లు చెల్లలేదు. వాటి విలువ 10,500. ఇది చిన్న సంఖ్యేం కాదు, తెలంగాణ అసెంబ్లీ మొత్తం విలువే 15,708.