తుఫానులో ఓడ భోజనాల బల్ల సర్దడం ఎలా

ఓడ ఊగడం మొదలైతే ముందు టేబుల్ క్లాత్ తడపాలి. కుమ్మరించకండి, చేత్తో నీళ్లు చిలకరించి అరచేత్తో నిమిరితే చాలు. తడి గుడ్డ మీద ప్లేటు అంత తేలిగ్గా జారదు. తర్వాత బల్ల అంచు పట్టీలు పైకి లేపండి.

సూప్ సగం గిన్నెకే. కాఫీ కప్పు బల్ల మీద ఉండగా పోయొద్దు. చేతిలోకి తీసుకుని, ఓడ ఒక పక్కకు వాలి మళ్లీ నిలబడే ఆ క్షణంలో పోయాలి. ఆ లయ మోకాళ్లకు తెలియాలి, నేను చెబితే వచ్చేది కాదు.

క్వీన్ ఎలిజబెత్ ఓడకు 1955లో, క్వీన్ మేరీ ఓడకు 1958లో స్టెబిలైజర్లు (ఊగడం తగ్గించే రెక్కలు) బిగించాక ఈ టెన్షన్ కొంత తగ్గింది. మేరీ మరీ ఊగుబోతు!

ఇంత చేసినా చాలా కుర్చీలు ఖాళీగానే ఉంటాయి. వచ్చినవాళ్లకు మాత్రం కొసరి వడ్డించండి. టిప్పు ఇచ్చేది ప్రయాణం చివర్లోనే మరి.