చెరువు పక్కన ప్లాటా? రేటు కంటే ముందు నీళ్ల సంగతి చూడండి

తిరుపతి చుట్టుపక్కల చెరువు గట్టున ప్లాటు చూస్తున్నవాళ్లందరూ అడిగేది ఒక్కటే: రేపు రేటు పెరుగుతుందా? ఏర్పేడులో ఐఐటీ ఉంది, రేణిగుంటలో ఎయిర్‌పోర్టు ఉంది, టౌను నాలుగు దిక్కులా పాకుతోంది, అదంతా నిజమే. కానీ రామచంద్రాపురం మండలం రాయలచెరువు లాంటి చిన్న ఊళ్లో, పక్కపక్కనే ఉన్న రెండు ప్లాట్లలో ఒకటి అమ్ముడుపోయి రెండోది ఏళ్ల తరబడి పడుంటే దానికి కారణం ఐఐటీ కాదు, నీళ్లు.

అందుకే బ్రోకర్ బండెక్కే ముందు మీరే ఒకసారి వెళ్లి చెరువుకు కట్ట ఏ తట్టు ఉంది, తూము (పొలాలకు నీళ్లు వదిలే చోటు) ఎక్కడ, మొరవ (చెరువు నిండితే మిగులు నీళ్లు పొర్లిపోయే చోటు) ఎక్కడ అని చూసుకోండి. కట్టకు లోపలి తట్టు నీళ్లు నిలిచే చోటు. మన దగ్గర వరసగా నాలుగేళ్లు వానల్లేకపోతే అక్కడ పంటలు పండిస్తారు, క్రికెట్ ఆడతారు, ఆ టైములోనే రాళ్లు పాతి ప్లాట్లు కూడా వేస్తారు. కట్ట కింద ఆయకట్టు భూమి, బోరులో నీళ్లకు ఢోకా ఉండదు గానీ నేల మెత్తన, పునాదికి ఖర్చు ఎక్కువ, గోడలకు చెమ్మ. మొరవ పారే కాలువ పక్కన మాత్రం ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు. 2021 నవంబరు వానలకు రాయలచెరువు కట్టకు లీకేజీ పడితే కింది ఊళ్లను ఖాళీ చేయించారు, తిరుపతి టౌనులోనే కాలనీలకు కాలనీలు మునిగాయి. ఆ వారం మీరు చూస్తున్న చోట నీళ్లెంత ఎత్తు వచ్చాయో పాలు పోసే ఆవిడను అడగండి, మేకలు తోలే పెద్దాయనను అడగండి, వాళ్లకు కమిషన్ రాదు కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తారు. పాత ఇళ్ల అరుగులు ఎంత ఎత్తున కట్టారో కూడా చూడండి, వీధిలో అందరూ నాలుగైదు మెట్లు పెట్టుకున్నారంటే ఊరికే పెట్టుకోలేదు.

ఇక కాగితాలు. సర్వే నంబరు తీసుకుని ప్రభుత్వ భూరికార్డుల సైటు మీభూమిలో అడంగల్ (సాగు, అనుభవం వివరాలు), 1బీ (యజమాని పేరు, విస్తీర్ణం), ఎఫ్ఎంబీ (కొలతల పటం) చూడండి. అక్కడితో ఆపకుండా తహసీల్దారు ఆఫీసులో పాత సర్వే రిజిస్టరు ఆర్ఎస్ఆర్‌లో ఆ నంబరు ఏమని ఉందో చూడండి, చెరువు పొరంబోకు అనో వాగు పొరంబోకు అనో ఉంటే అది సర్కారు భూమి, మాట్లాడేదేమీ లేదు, వచ్చేయండి. రిజిస్ట్రేషన్ శాఖ సైట్లో 22ఏ జాబితా (రిజిస్ట్రేషన్ చేయకూడని భూములది) కూడా చూడాలి. డీకేటీ పట్టా (సర్కారు పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూమి) అయితే మరీ జాగ్రత్త, అసైన్డ్ భూముల బదిలీని నిషేధించే చట్టం 1977 నుంచీ ఉంది. ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల చిట్టా) కనీసం 30 ఏళ్లకు తీయించండి.

ఇల్లు కట్టాలనుకుంటే బిల్డింగ్ రూల్స్ ప్రకారం 10 హెక్టార్లు, ఆపై చెరువైతే హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదైతే 9 మీటర్లు వదలాలి. హద్దు అంటే ఈరోజు నీళ్లున్న చోటు కాదు, చెరువు నిండితే నీళ్లొచ్చే చోటు, అంటే ఎఫ్‌టీఎల్. "పంచాయతీ అప్రూవ్డ్ సార్" అంటే తల ఊపకండి, తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) ఇచ్చిన ఎల్పీ నంబరు, అంటే లేఔటు అనుమతి నంబరు అడిగి దాన్ని తుడా ఆఫీసులోనే సరిచూసుకోండి. లేఔటు 500 చదరపు మీటర్లు, 8 ప్లాట్లు దాటితే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరూ ఉండాలి.

అసలు రేటు తెలుసుకోవడానికి నేను నమ్మే పద్ధతి ఒకటుంది. కొనడానికి అడిగిన బ్రోకర్‌ను వదిలేసి, ఇంకో బ్రోకర్‌కు ఫోన్ చేసి "అన్నా, అదే లేఔట్లో మా వాళ్ల ప్లాటుంది, అమ్మితే ఎంతొస్తుంది?" అనండి. "ఇప్పుడు పార్టీలు లేరన్నా, కొన్నాళ్లు ఆగండి" అన్నాడంటే అర్థమైందిగా, మీకు చెప్పిన రేటు కొనేవాళ్లకే గానీ అమ్మేవాళ్లకు లేదు. రిజిస్ట్రేషన్ శాఖ చూపించే మార్కెట్ విలువ స్టాంపు డ్యూటీ కోసం, దాన్ని పట్టుకుని బేరమాడకండి. రాత్రి ఎనిమిదికి ఒకసారి లేఔట్‌లోకి వెళ్లి ఎన్ని ఇళ్లలో లైట్లు వెలుగుతున్నాయో చూడండి. రాళ్లే తప్ప లైట్లు లేకపోతే అక్కడ ఉండడానికి కొన్నవాడు లేడు, అందరూ మీలాంటి ఇంకొకడి కోసం చూస్తున్నవాళ్లే.

ఇంకోటి, మన దగ్గర స్థలం కొలిచే అంకణం. తిరుపతిలో అంకణం అంటే 36 చదరపు అడుగులు, నెల్లూరు లెక్కలో 72. 2022లో జిల్లా మారాక నాయుడుపేట తట్టు కూడా మన జిల్లానే, కాబట్టి "అంకణం ఇంత" అనగానే ఏ అంకణమని అడిగి గజాల్లోకి మార్చుకోండి.

అన్నీ సరిపోయినా అడ్వాన్సు ఎండాకాలంలో ఇవ్వకండి. మన దగ్గర గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఆ వానలు పడ్డాక ప్లాటు మీద నిలబడి చూసి అప్పుడు బేరానికి కూర్చోండి. "అప్పటిదాకా ఉండదు సార్" అంటే పోనివ్వండి, చెరువులు మనకు బోలెడున్నాయి.