వరంగల్ నుంచి కథల, బొమ్మల పత్రిక మొదలుపెట్టాలంటే

1922లో వరంగల్ ప్రాంతంలోని ఇనుగుర్తి గ్రామం నుంచి ఒద్దిరాజు సోదరులు ‘తెనుగు’ పత్రికను సొంత ముద్రణాలయంలో అచ్చువేసి వెలువరించారు. నేడు హనుమకొండలో కథలకూ చిత్రాలకూ స్వతంత్ర పత్రిక పెట్టదలచిన వారికి సొంత యంత్రం అక్కరలేదు గానీ, ఆ పట్టుదల మాత్రం కావాలి.

ముందుగా పుటల సంఖ్యను తేల్చుకోవాలి. మడత మీద పిన్నులు కొట్టే పత్రికకు పుటలు 4 గుణిజాల్లోనే ఉండాలి కాబట్టి, 32 పుటలని నిర్ణయించుకొని, వాటిలో చిత్రాలకు ఎన్ని, కథలకు ఎన్ని అన్నది రచనలు కోరక ముందే రాసిపెట్టుకోవడం మేలు. రంగుల చిత్రాలన్నింటినీ ఒకే ఫారంలో (ఒక పెద్ద కాగితంపై కలిపి అచ్చయ్యే పుటల్లో) చేర్చి, మిగిలినవి నలుపు తెలుపులో వేస్తే ఖర్చు తగ్గుతుంది. తెలంగాణ సంప్రదాయ పటచిత్రమైన చేర్యాల నకాషీ చిత్రంలోని ఎరుపు నేపథ్యం కంప్యూటర్ తెరపై కనిపించినట్లే కాగితంపై రాదు. అందుకే నమూనా ప్రతిని పగటి వెలుతురులో మూలచిత్రం పక్కన పెట్టి చూడాలి. ఈ ఒక్క పనిలో బద్ధకిస్తే ఆ తరువాత చిత్రకారుని ముఖం చూడలేము. చిత్రాలు అంగుళానికి 300 చుక్కల స్పష్టతతో ఉండాలి. ఒత్తులు చెదరకుండా ఫాంటును పీడీఎఫ్‌లోనే పొదగాలి.

క్రమం తప్పక వెలువడే పత్రికకు 2023 నాటి చట్టం ప్రకారం కేంద్ర ప్రభుత్వపు ప్రెస్ సేవా పోర్టల్‌లో నమోదు అవసరం. రచయితల, చిత్రకారుల అనుమతులను లిఖితపూర్వకంగా తీసుకొని, పారితోషికం ఎంత చిన్నదైనా ముందే చెప్పాలి.