మసాజ్ గన్‌ను ఇంట్లో సరిగా వాడుకోవడం ఎలా

ఒళ్ళు నొప్పులుగా ఉన్నప్పుడు నువ్వుల నూనె గోరువెచ్చగా కాచి మర్దనా చేయించుకోవడం, పడుకునే ముందు పిల్లల చేత కాళ్ళు పట్టించుకోవడం మన ఇళ్ళలో ఎప్పటి నుంచో ఉన్నవే. ఇప్పుడు చాలా ఇళ్ళలో ఆ పనిని చేతిలో పట్టుకునే యంత్రం చేస్తోంది. తుపాకీ ఆకారంలో ఉంటుంది కనుక దానికి మసాజ్ గన్ అన్న పేరు స్థిరపడింది. కాళ్ళు పట్టే మనిషి చేతికి ఎక్కడ నొక్కాలో, ఎక్కడ ఆగాలో తెలుస్తుంది. ఎముక తగిలిన వెంటనే బొటనవేలు దానంతట అదే పక్కకు జరుగుతుంది. యంత్రానికి ఆ స్పర్శజ్ఞానం లేదు. కాబట్టి ఆ జాగ్రత్త అంతా దాన్ని పట్టుకున్న వారే తీసుకోవాలి.

ఈ మాట నేను అనుభవం మీద చెబుతున్నాను. మా నాన్నగారు ముప్పై ఏళ్ళకు పైగా బస్సు నడిపారు. సాయంత్రమయ్యేసరికి కుడికాలి పిక్క రాయిలా బిగిసిపోవడం ఆ ఉద్యోగం ఆయనకు మిగిల్చిన బాధ. యంత్రం ఇంటికి తెచ్చిన మొదటి రాత్రి ఆయన దాన్ని అన్నిటికంటే ఎక్కువ వేగంలో పెట్టి, హాయిగా ఉందంటూ ఒకే చోట పావుగంటసేపు గట్టిగా అదిమి పట్టుకున్నారు. తెల్లవారేసరికి ఆ చోట నిమ్మకాయంత మేర నల్లగా కమిలిపోయింది, వేలు ఆనిస్తేనే ఓర్చుకోలేకపోయారు. గుండెకు స్టెంటు వేసినప్పటి నుంచి రక్తం గడ్డకట్టకుండా ఆయన మాత్రలు వేసుకుంటున్నారన్న సంగతి ఆ రాత్రి మాలో ఒక్కరికీ గుర్తుకు రాలేదు. వేగం ఎక్కువ, సమయం ఎక్కువ, అన్నిటికీ మించి ఆ మందులు వాడుతున్నవారు అడగకుండా యంత్రం పట్టడం అనే మూడు తప్పులు జరిగాయని డాక్టరు చెప్పారు. ఆ మచ్చ పోవడానికి పది రోజులకు పైగా పట్టింది.

యంత్రం లోపల ఏం జరుగుతోందో తెలిస్తే ఆ మూడింటిలో మొదటి రెండు తప్పులు ఎందుకు తప్పులో అర్థమవుతుంది. లోపలి మోటారు తిరుగుతూ ముందున్న హెడ్‌ను ముందుకూ వెనక్కూ నడిపిస్తుంది. ఒక్కొక్క దెబ్బకు ఆ హెడ్ యంత్రాన్ని బట్టి సుమారు 6 నుంచి 16 మిల్లీమీటర్ల దూరం ప్రయాణిస్తుంది, నిమిషానికి సుమారు 1,200 నుంచి 3,200 దాకా దెబ్బలు పడతాయి. దూరం ఎక్కువైతే దెబ్బ లోపలి కండ దాకా దిగుతుంది; దూరం తక్కువగా ఉండి వేగం మాత్రమే ఎక్కువైతే చర్మం, పైపై కండ అదురుతాయి. చవక యంత్రాల్లో చాలావరకు ఈ రెండో రకానివే, అవి పనికిరావని కాదు, వృద్ధులకూ సన్నగా ఉన్నవారికీ అవే మేలు. మసాజ్ గన్‌లలో ముందుగా పేరు తెచ్చుకున్న థెరాగన్‌ను రూపొందించినది జేసన్ వర్స్‌లాండ్ అనే అమెరికన్ కైరోప్రాక్టర్, అంటే వెన్నెముకనూ కీళ్ళనూ చేతులతో సరిచేసే చికిత్సకుడు. 2007లో మోటారుసైకిల్ ప్రమాదంలో గాయపడిన ఆయన తన నొప్పి కోసమే ఒక పవర్ టూల్‌ను మార్చి దానికి తొలి రూపం ఇచ్చారు.

ఇక నొప్పి ఎందుకు తగ్గుతుందంటే, మోకాలు బల్లకు తగిలినప్పుడు మనం వెంటనే అరచేత్తో రుద్దుకుంటాం, రుద్దినంతసేపూ బాధ తగ్గినట్టు ఉంటుంది. స్పర్శను మోసే నరాల సంకేతాలు వెన్నుపాము దగ్గర నొప్పి సంకేతాలకు అడ్డుపడతాయన్న వివరణను మెల్జాక్, వాల్ అనే శాస్త్రవేత్తలు 1965లో ప్రతిపాదించారు. యంత్రం అదురు వల్ల కలిగే హాయిలో చాలా భాగం ఈ బాపతుదే. దీనితో పాటు కండ కొంత సడలుతుంది. ఆస్ట్రియాలోని గ్రాజ్ నగర పరిశోధకులు 2020లో ప్రచురించిన ఒక చిన్న అధ్యయనంలో పిక్క మీద 5 నిమిషాలు ఈ యంత్రం వాడితే చీలమండ వంగే కోణం సగటున 5 డిగ్రీలకు పైగా పెరిగింది, కండ బలం మాత్రం తగ్గలేదు. అయితే ఈ సడలింపు తాత్కాలికం. ఆ కాసేపట్లో కండను సాగదీసే వ్యాయామమో, నాలుగడుగుల నడకో చేస్తే ఫలితం నిలబడుతుంది; యంత్రం ఆపి మళ్ళీ అదే కుర్చీలో అదే వంకర భంగిమలో కూర్చుంటే గంటలో నొప్పి తిరిగి వస్తుంది. కండలో పేరుకుపోయిన లాక్టిక్ ఆమ్లాన్ని ఇది బయటకు తోసేస్తుందన్న ప్రచారాన్ని నమ్మనక్కరలేదు. వ్యాయామం ఆపాక గంట, రెండు గంటల్లో శరీరం దాన్ని తనంతట తానే సర్దుబాటు చేసుకుంటుంది.

అన్ని నొప్పులూ కండ నొప్పులు కావు, ఈ యంత్రం పనికొచ్చేది కండ నొప్పికి మాత్రమే. రోజంతా కంప్యూటరు ముందు కూర్చున్నందువల్ల పట్టేసిన భుజాలు, రోజంతా నిలబడి పాఠం చెప్పినవారి పిక్కలు, చాలాకాలం తరువాత వ్యాయామం మొదలుపెట్టినవారికి ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ముదిరే ఒంటి నొప్పులు దీనికి లొంగుతాయి. కాలు బెణికి వాచినప్పుడు, కీలు ఎర్రబడి వేడిగా ఉన్నప్పుడు, కింద పడి దెబ్బ తగిలినప్పుడు, జ్వరంలో ఒళ్ళు నొప్పులు వచ్చినప్పుడు దీని జోలికి పోకూడదు. నడుములో పుట్టి పిర్ర మీదుగా పాదం దాకా కరెంటు కొట్టినట్టు పాకే నొప్పి నరానికి సంబంధించినది కావచ్చు. దాని మీద దెబ్బలు వేయడం కంటే పరీక్ష చేయించుకోవడం ముఖ్యం. ఛాతీ బరువుగా ఉండి ఎడమ చేతికో, దవడకో లాగుతూ చెమటలు పట్టే నొప్పిని పట్టేసిందని సరిపెట్టుకుని యంత్రం తీయడం ప్రాణాపాయం, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇందులో పిక్క నొప్పి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరకు వెళ్ళివచ్చే తల్లిదండ్రులు విమానాల్లో ఇరవై గంటలకు పైగా కదలకుండా కూర్చుంటారు. దిగిన తరువాత ఒక్క కాలి పిక్క మాత్రమే వాచి, రెండో కాలి కంటే వెచ్చగా ఉండి నొప్పి పెడుతుంటే లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. అలాంటి కాలిని యంత్రంతో గాని, చేతితో గాని మర్దనా చేస్తే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం ఉంది. ప్రయాణం వల్ల కాళ్ళు లాగడం మామూలే అనుకుని ప్రేమతో చేసే పనే ఇక్కడ కీడు చేస్తుంది. రెండు పిక్కలనూ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా కనిపిస్తే ముందు డాక్టరు దగ్గరకు వెళ్ళండి.

రక్తం పలుచబడే మందులు వాడేవారు, ఎముకలు గుల్లబారినవారు, పేస్‌మేకర్ ఉన్నవారు, గర్భిణులు, క్యాన్సర్‌కు చికిత్స పొందుతున్నవారు, ఈమధ్యే శస్త్రచికిత్స అయినవారు డాక్టరును అడగకుండా దీన్ని వాడకూడదు. మన తెలుగువారి ఇళ్ళలో మధుమేహం లేని ఇల్లు వెతకాల్సి వస్తోంది కనుక మరో మాట. మధుమేహం ముదిరి పాదాలు తిమ్మిరెక్కినవారికి దెబ్బ ఎంత గట్టిగా పడుతోందో తెలియదు, చర్మం కమిలినా తెలియదు. వారి పాదాల మీద ఈ యంత్రం వద్దు. మా నాన్నగారి పిక్కకు ఇప్పుడు డాక్టరు అనుమతితో నేనే చేత్తో మెల్లగా నూనె రాస్తున్నాను. యంత్రం నా భుజాలకు ఉపయోగపడుతోంది.

శరీరంలో యంత్రం ఆనించకూడని చోట్లు ఉన్నాయి. మెడ ముందు భాగం, మెడ రెండు పక్కలు వాటిలో మొదటివి. మెదడుకు రక్తం తీసుకువెళ్ళే ధమనులు అక్కడ ఉంటాయి, మెడ మీద మసాజ్ గన్ వాడిన తరువాత ధమని గోడ చీలిన సందర్భం వైద్య పత్రికల్లో నమోదైంది. వెన్నుపూసల మీద, పక్కటెముకల మీద, డొక్కల్లో, పొట్ట మీద, చంకల్లో, గజ్జల్లో, మోకాలి వెనక గుంటలో, మోచేతి లోపలి వంపులో వాడకూడదు. సిరలు ఉబ్బి బయటకు తేలిన కాళ్ళ మీద కూడా వద్దు. ఎముక ఎత్తుగా తెలిసే ఏ చోటైనా అంతే.

వాడే పద్ధతికి వస్తే, ముందు చేతివేళ్ళు, ఆ తరువాతే యంత్రం. పిక్క విషయమే తీసుకుందాం. కుర్చీలో కూర్చుని, నొప్పి ఉన్న కాలిని ఎదురుగా ఉన్న స్టూలు మీద చాపి, మోకాలు కాస్త వంచి వదులుగా ఉంచాలి. రెండు బొటనవేళ్ళతో పిక్కను పైనుంచి కిందికి మెల్లగా తడుముకుంటూ వస్తే మెత్తగా ఉన్న కండ మధ్యలో ఎక్కడో ఒక చోట లోపల తాడు ముడి ఉన్నట్టు వేలికి తగులుతుంది, అక్కడ నొక్కగానే ఆ మనిషి ముఖం చిట్లిస్తారు. ఆ చోటును గుర్తుపెట్టుకోవాలి. గుండ్రని బంతి ఆకారపు హెడ్‌ను తొడిగి, యంత్రాన్ని ముందుగా అరచేతిలో ఆనించి అన్నిటికంటే తక్కువ వేగంలో ఆన్ చేసి, తాకిడి ఎలా ఉందో చూసుకున్న తరువాతే పిక్క మీదికి తీసుకెళ్ళాలి. పలుచని బట్ట మీద నుంచి వాడితే చర్మం ఒరుసుకుపోదు. నొక్కవద్దు, యంత్రం బరువే చాలు. చీలమండకు నాలుగు వేళ్ళ పైనుంచి మొదలుపెట్టి, మోకాలి గుంటకు నాలుగు వేళ్ళ కింద ఆపుతూ, ఇంటి గోడకు సున్నం వేసేటప్పుడు కుంచె నడిచినంత నింపాదిగా పైకీ కిందికీ జరపాలి. ముడి ఉన్న చోటికి వచ్చినప్పుడు 15 నుంచి 30 సెకన్లు నిలిపి, మళ్ళీ ముందుకు సాగాలి. మొత్తం కలిపి ఒక పిక్కకు రెండు నిమిషాలు సరిపోతాయి. హాయిగా ఉందనిపించినా అక్కడితో ఆపాలి, ఎందుకంటే అతిగా వాడిన ఫలితం ఆ పూట తెలియదు, మర్నాడు తెలుస్తుంది. వ్యాయామం చేసి అలసిన కండ మీద ఈ యంత్రాన్ని బలంగా వాడిన ఒక యువతికి కండ కణాలు చితికి ఆసుపత్రిలో చేరవలసి వచ్చిన ఉదంతం కూడా వైద్య పత్రికల్లో ఉంది. నొప్పిని పదికి లెక్కవేసుకుంటే, వాడేటప్పుడు కలిగే బాధ అయిదు దాటకూడదు; ఊపిరి బిగబట్టవలసి వస్తోందంటే వేగమో, ఒత్తిడో ఎక్కువైందని అర్థం.

భుజాల దగ్గర మరింత జాగ్రత్త కావాలి. మెడ మొదలు నుంచి భుజం చివరి దాకా పరుచుకున్న కండ, కావడి మోసేటప్పుడు బద్ద ఆనే చోటు, చాలామందికి బిగుసుకునేది అక్కడే. హెడ్‌ను ఆ కండ మధ్యలో ఆనించి భుజం వైపుకు జరపాలి తప్ప మెడ వైపుకు ఎక్కించకూడదు. మన భుజం మీద మనమే పట్టుకోబోతే పట్టుకున్న చేతి భుజం ఎత్తుగా లేచి అదీ బిగుసుకుంటుంది. కిలో బరువున్న యంత్రమైతే ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. ఇంట్లో మరొకరు వెనక నిలబడి పట్టడం మంచిది. పట్టేవారు మధ్యమధ్య అడుగుతూ ఉండాలి, కూర్చున్నవారు మొహమాటపడకుండా చెప్పాలి. పెద్దవారు మాట్లాడకుండా ఓర్చుకుంటారు కనుక వారిని మరీ అడగాలి.

తొడలకూ పిర్రలకూ కండ దట్టంగా ఉంటుంది కాబట్టి అక్కడ వెడల్పాటి హెడ్ వాడి వేగాన్ని ఒక మెట్టు పెంచుకోవచ్చు. తొడ లోపలి వైపు మాత్రం వదిలేయాలి. నడుము నొప్పికి వెన్నెముకకు రెండు వేళ్ళ దూరంలో ఉండే నిలువు కండల మీద తక్కువ వేగంలో ఒక్క నిమిషం చాలు, ఆపైన పిర్రల మీద వాడితే నడుముకు ఇంకా మేలు జరగడం నేను గమనించాను. సెల్‌ఫోను, మౌసు వల్ల నొప్పి పెట్టే ముంజేతికి చిన్న బంతి హెడ్ సరిపోతుంది. పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమ నొప్పి పెట్టేవారు మడమ ఎముక మీద కాకుండా పాదం వంపులోనూ, పిక్క మీదా వాడుకోవాలి. సన్నని మొన ఉన్న హెడ్ పెట్టెలో వస్తుంది, చూడటానికి గురిగా పనిచేస్తుందనిపిస్తుంది. అనుభవం లేనివారు దాన్ని పక్కన పెట్టేయడమే మంచిదని నా అభిప్రాయం.

నొప్పి బామ్ రాసిన చోట వెంటనే యంత్రం వాడకూడదు. ఆ మంటలో అసలు నొప్పి ఎంతో తెలియదు, చర్మం కూడా పొక్కవచ్చు. నూనె రాసిన ఒంటి మీద స్పాంజి హెడ్ వాడితే అది జిడ్డు పీల్చుకుని పాడవుతుంది. ముందు యంత్రం, తరువాత సాగదీసే వ్యాయామం, ఆ పైన కావాలంటే గోరువెచ్చని నీళ్ళ స్నానం అన్న వరస నాకు బాగా కుదిరింది. రోజుకు ఒకసారి, మరీ బిగుసుకుంటే రెండుసార్లు వాడవచ్చు. మర్నాడు ఆ చోట నలుపో, వాపో, కొత్త తిమ్మిరో కనిపిస్తే ఆపేయాలి. ముదురు గోధుమ రంగులో మూత్రం వచ్చి కండలు విపరీతంగా నొప్పి పెడితే అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. రెండు వారాలు పద్ధతిగా వాడినా తగ్గని నొప్పిని ఫిజియోథెరపిస్టుకు చూపించాలి.

యంత్రాన్ని ఇంట్లో నలుగురూ వాడుతుంటే ప్రతిసారీ హెడ్‌ను తడిబట్టతో తుడిచి ఆరబెట్టాలి, చర్మవ్యాధి ఉన్నవారికి హెడ్ వేరుగా ఉంచాలి. వాడగానే మోటారు వేడిగా ఉంటుంది కాబట్టి చల్లారాక ఛార్జింగ్ పెట్టడం మంచిది. ఆడపిల్లల పొడుగాటి జడలు, పంజాబీ డ్రెస్ చున్నీలు, మెడలో గొలుసులు హెడ్ దరిదాపుల్లో లేకుండా చూసుకోవాలి. దీని లోపల లిథియం బ్యాటరీ ఉంటుంది కనుక విమాన ప్రయాణంలో దీన్ని పెద్ద పెట్టెలో కాక చేతిసంచిలో పెట్టుకుని, స్విచ్ పొరపాటున ఆన్ కాకుండా బట్టలో చుట్టి తీసుకువెళ్ళాలి.