ఫలాఫెల్ విచ్చిపోయిందా, ఫ్రైడ్ రైస్ ముద్దయిందా? తప్పెక్కడ జరిగిందో చూడండి

"కొలతలన్నీ వీడియోలో చెప్పినట్టే వేశాను, అయినా రాలేదు" అని నేనూ చాలాసార్లు అనుకున్నాను. చేయగా చేయగా తెలిసిందేంటంటే, కొలతల్లో తప్పు తక్కువ, చేతి అలవాటులో ఎక్కువ. శనగలు కనిపిస్తే కుక్కర్‌లో పడేయడం, అన్నం పొగలు కక్కుతుండగానే తాలింపులో కలిపేయడం, మూకుడు నిండా ఒకేసారి నింపేయడం మన వంటలకి చాలావరకు సరిపోతాయి, వేరే దేశం వంటకి వచ్చేసరికి అడ్డం తిరుగుతాయి. అందుకే కింద వంటకం పేరుతో కాకుండా మీ గిన్నెలో కనిపించే గోలతో మొదలుపెట్టాను. మీది ఏదో చూసుకుని నేరుగా అక్కడికే వెళ్ళండి.

ఫలాఫెల్ నూనెలో వేయగానే విచ్చిపోతోంది

ఫలాఫెల్ అంటే పశ్చిమాసియా వాళ్ళ శనగల వడ. నా మొదటి ఫలాఫెల్ మూకుట్లో వేసిన నిమిషంలోపే నురగ కక్కి, విడిపోయి, అడుగున ఇసుకలా పేరుకుంది. అర లీటరు నూనె పాడైంది. ఆ కోపం ఇంకా తగ్గలేదు కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువే చెప్తాను.

కారణం నూటికి తొంభై సార్లు ఒక్కటే, శనగలు ఉడికించడం. మసాలా వడకి శనగపప్పు ఉడకబెడతామా? నానబెట్టి, నీళ్ళు ఓడ్చి, పచ్చిదాన్నే కచ్చాపచ్చాగా రుబ్బుతాం. ఫలాఫెల్ కూడా ఆ జాతిదే. పచ్చి శనగలో ఉండే పిండిపదార్థం నూనె వేడికి ఉబ్బి, జిగురై, ముద్దని పట్టి ఉంచుతుంది. ఉడికిన శనగలో ఆ పని కుక్కర్‌లోనే అయిపోయింది, పైగా బోలెడు నీళ్ళు పీల్చుకుని ఉంటుంది, ఇక నూనెలో పట్టుకోవడానికి ఏం మిగులుతుంది? ఈజిప్టులో దీన్నే తామియా అంటారు, శనగలకి బదులు ఫావా అనే చిక్కుడు జాతి గింజల పప్పు వాడతారు, అక్కడా నానబెట్టిన పచ్చి పప్పే. అమెరికాలో ఉన్నవాళ్ళకి ఇంకో ఉచ్చు ఉంది: షాపులో దొరికే డబ్బా శనగలు. అవీ ఉడికినవే, ఫలాఫెల్‌కి పనికిరావు.

పరిష్కారం: కాబూలీ శనగలు కనీసం 12 గంటలు నానబెట్టండి, 18 అయినా పర్లేదు. చిల్లుల గిన్నెలో ఓడ్చాక బట్ట మీద ఆరబెట్టి తడి పోనివ్వండి. కొత్తిమీర కూడా కడిగిన వెంటనే వేయకండి, ఆ ఆకుల్లో దాక్కున్న నీళ్ళు చాలు పిండి జారిపోవడానికి. మిక్సీని ఆపి ఆపి తిప్పండి, పిండి రవ్వలా ఉండాలి, కానీ పిడికిట్లో నొక్కితే ముద్ద నిలవాలి. ఉల్లిపాయ ఎక్కువైతే మళ్ళీ నీళ్ళే. రుబ్బినదాన్ని గంటసేపు ఫ్రిజ్‌లో పెట్టి, ముందు ఒక్కటి మాత్రం వేసి చూడండి. అది నిలబడితే మిగతావి వేయండి, లేకపోతే రెండు చెంచాల శనగపిండి కలపండి.

విచ్చిపోకుండా పైన నల్లబడి లోపల పచ్చిగా ఉంటే నూనె మరీ కాగిపోయిందన్నమాట, లేదా ఉండ పెద్దదైంది. పెద్ద ఉసిరికాయంత చాలు. నూనె 175 నుంచి 180 డిగ్రీలు ఉండాలి, థర్మామీటర్ లేకపోతే చిటికెడు పిండి వేయండి, వేసిన వెంటనే బుడగలతో పైకి తేలితే సరే. రాయిలా గట్టిగా వస్తే పిండి మెత్తగా రుబ్బేశారు, ఈసారి బరకగా ఉంచి, వేయించే ముందు చిటికెడు వంట సోడా కలపండి. శనగలు ఆల్రెడీ ఉడికించేశారా? నూనె జోలికి పోకుండా, ఉడికిన శనగల్ని నువ్వుల ముద్దతో రుబ్బే హమ్మస్ చేసేసుకోండి.

హమ్మస్ గరుకుగా ఉంది, లేదా చేదొస్తోంది

ఇక్కడ కథ రివర్స్. ఫలాఫెల్‌కి ఉడికించి చెడగొడతాం, హమ్మస్‌కి చాలినంత ఉడికించక చెడగొడతాం. ఛోలే కూరకి ఆగినట్టు గింజ నిలబడేలా ఆగిపోతే మిక్సీ ఎంత తిప్పినా నాలుకకి ఇసుకలా తగులుతుంది. రెండు వేళ్ళ మధ్య పెట్టి తాకితే చితికిపోవాలి, అంత ఉడకాలి. నానబెట్టే నీళ్ళలో కప్పు శనగలకి అర టీస్పూను వంట సోడా వేస్తే పొట్టు మెత్తబడుతుంది, చాలావరకు విడిపోతుంది కూడా. మర్నాడు ఆ నీళ్ళు పారబోసి కడిగి ఉడికించండి. నురగ బాగా పొంగుతుంది కాబట్టి కుక్కర్ సగం కూడా నింపకండి, విజిల్ దగ్గర అడ్డుపడిందంటే వంట సంగతి పక్కనపెట్టి ఇంకో టెన్షన్. వేడి మీదే రుబ్బితే నున్నగా వస్తుంది, చివర్లో రెండు మూడు చెంచాల ఐస్ నీళ్ళు పోస్తే తెల్లగా, తేలిగ్గా అవుతుంది. కాస్త జారుగానే దింపండి, ఫ్రిజ్‌లో ఎలాగూ గట్టిపడుతుంది.

చేదుకి మాత్రం సాధారణంగా తాహినీయే (నువ్వుల ముద్ద) కారణం. నువ్వుల పొడికి వేయించినట్టు ఎర్రగా వేయిస్తే చేదొస్తుంది. పొట్టు తీసిన తెల్ల నువ్వులు తీసుకుని సన్నసెగ మీద రంగు మారకముందే దించేయాలి. ఆలివ్ నూనె కూడా మిక్సీలో తిప్పితే కొన్నిసార్లు చేదెక్కుతుంది, పైన పోసుకోవడమే మంచిది. వెల్లుల్లి ఘాటు గొంతు పట్టుకుంటే ఈసారి దంచిన వెల్లుల్లిని నిమ్మరసంలో పది నిమిషాలు ఉంచి కలపండి, పులుపు ఆ ఘాటుని పెరగనివ్వదు.

ఇంకోటి. నిమ్మరసం పోయగానే తాహినీ ఒక్కసారిగా గట్టిపడి విరిగినట్టు కనిపిస్తుంది. భయపడి నూనె పోస్తారు చాలామంది, అది తప్పు. చెంచా చెంచా నీళ్ళు పోస్తూ కలుపుతుంటే అదే జారుగా వచ్చేస్తుంది.

ఫ్రైడ్ రైస్ ముద్ద కట్టేసింది

పులిహోరకి అన్నం పళ్ళెంలో పరిచి ఆరబెడతాం కదా, మరి ఫ్రైడ్ రైస్ దగ్గరకొచ్చేసరికి ఆ ఓపిక ఏమవుతుందో! వేడన్నంలో మెతుకు పైన తడి, జిగురు ఉంటాయి, గరిటె పెట్టగానే చితికి ఒకదానికొకటి అంటుకుంటాయి. చల్లారితే అదే మెతుకు గట్టిపడి విడివిడిగా ఉంటుంది, అందుకే నిన్నటి అన్నం మేలంటారు. ఇవాళే కావాలంటే నీళ్ళు రోజూ పోసేదానికంటే కొంచెం తగ్గించి వండి, వెడల్పాటి పళ్ళెంలో పల్చగా పరిచి ఫ్యాన్ కింద ఆరనిచ్చి, గంటసేపు మూత లేకుండా ఫ్రిజ్‌లో పెట్టండి. కొత్త బియ్యమైతే ఎన్ని చేసినా కొంత జిగురుంటుంది, పాత బియ్యం చూసుకోండి.

నిన్నటి అన్నం అన్నాను కదా అని రాత్రంతా గట్టు మీద వదిలేయకండి. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు వండినా చావవు, బయట ఉన్న అన్నంలో పెరిగి విషం వదులుతాయి, ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోదు. ఆరిన వెంటనే ఫ్రిజ్‌లోకి వెళ్ళాలి.

రెండో కారణం మన స్టవ్. చైనీస్ హోటల్ బర్నర్ మంట ముందు ఇంటి స్టవ్ దీపంలాంటిది. నలుగురికి కావాల్సిందంతా ఒకేసారి మూకుట్లో వేస్తే వేగదు, ఆవిరికి ఉడుకుతుంది. ఇద్దరికి సరిపడా చొప్పున రెండుసార్లు చేయండి. కూరగాయలు ముందు విడిగా వేయించి తీసేయండి. ఇక సోయా సాస్ రంగు కోసం ధారగా పోసేవాళ్ళకి ఒక దణ్ణం, ఒక చెంచా చాలు, ఉప్పు ఎలాగూ అందులో ఉంది.

మొక్కజొన్న టోర్టిల్లా ఒత్తుతుంటే చీలిపోతోంది

ముందు ప్యాకెట్ చూడండి. మన షాపుల్లో కార్న్‌ఫ్లోర్ అని అమ్మే తెల్లటి పొడి ఉత్త గంజిపొడి, దాంతో రొట్టె రాదు. మొక్కజొన్న పిండే తెచ్చినా మెక్సికోవాళ్ళ పల్చటి రొట్టె టోర్టిల్లాలా సాగదు, అది మీ చేతి తప్పు కాదు. అక్కడ గింజల్ని సున్నపు నీళ్ళలో ఉడికించి, రాత్రంతా ఉంచి, కడిగి, ఆ తడి గింజల్ని రుబ్బుతారు. సున్నం వల్ల పొట్టు ఊడిపోతుంది, పిండికి పట్టు వస్తుంది. నిక్స్‌టమల్ అంటారు ఆ గింజల్ని, వేల ఏళ్ళనాటి పద్ధతి ఇది. మన పిండికి ఆ పని జరగలేదు.

తాంబూలం సున్నం కాస్త పిండిలో కలిపేస్తే? ఈ ఆలోచన నాకూ వచ్చింది. వద్దు. వాళ్ళు గింజని ఉడికించి మిగిలిన సున్నాన్ని కడిగేస్తారు, పిండిలో కలిపాక ఇక కడిగేదెక్కడ?

చేయగలిగినవి: మసా హరీనా అనే పిండి ఆన్‌లైన్‌లో దొరికితే సున్నం పని అందులో అయిపోయే ఉంటుంది, గోరువెచ్చని నీళ్ళతో కలిపి అరగంట తడిగుడ్డ కప్పి, రెండు ప్లాస్టిక్ కవర్ల మధ్య పళ్ళెంతో నొక్కండి. దొరక్కపోతే మామూలు మక్క పిండిలో మరిగే నీళ్ళు పోసి, మక్క రొట్టె తట్టినట్టే తట్టండి, తెలంగాణ ఇళ్ళలో ఇది తెలిసిన పనే. కాస్త దళసరిగా వస్తుంది, మడిస్తే చీలుతుంది, కాబట్టి మడవకుండా పైన బీన్స్, ఉల్లిపాయ, టమాటా పెట్టుకు తినండి. లేదా గోధుమ టోర్టిల్లా చేసుకోండి. అదేం మోసం కాదు, మెక్సికో ఉత్తరాన సొనోరా వైపు గోధుమవే తింటారు.

పాస్తా అంటుకుపోతోంది, వైట్ సాస్ ఉండలు కడుతోంది

పాస్తాకి నీళ్ళు చాలవు, మొదట్లో కలపరు, అంతే. 100 గ్రాములకి లీటరు నీళ్ళు, 10 గ్రాముల ఉప్పు, వేశాక మొదటి రెండు నిమిషాలు కలుపుతూ ఉండండి. నూనె వేయకండి, అది నీళ్ళ మీద తేలుతుంది, వార్చేటప్పుడు పాస్తాకి పట్టి సాస్ జారిపోయేలా చేస్తుంది. ఉడికిన నీళ్ళు ఒక కప్పు దాచుకోండి, సాస్ బిగిస్తే అవే మందు. వైట్ సాస్‌కి కప్పు పాలకి పెద్ద చెంచా వెన్న, పెద్ద చెంచా మైదా. సన్నసెగ మీద పచ్చివాసన పోయేదాకా వేయించి, పాలు ముందు కొద్దికొద్దిగా పోస్తూ కలిపితే ఉండలు రావు. వచ్చేశాయా? మిక్సీలో ఒక్క తిప్పు తిప్పండి, ఎవరికీ తెలియదు.

పిజ్జా పైన మాడింది, అడుగు తడిగా ఉంది

ఇటలీలోని నేపుల్స్‌లో కట్టెల పొయ్యి 430 డిగ్రీలు దాటి ఉంటుంది, నిమిషం, నిమిషంన్నరలో పిజ్జా అయిపోతుంది. ఇంటి ఓవెన్ 250 దగ్గర ఆగుతుంది. చల్లటి రేకు మీద పెడితే అడుగు ఎప్పుడు కాలాలి? ప్లాస్టిక్ పిడి లేని ఇనప పెనం లోపల పెట్టి ముప్పావుగంట కాలనిచ్చి, దాని మీదకి పిజ్జా జార్చండి. సాస్ పల్చగా రాయండి, క్యాప్సికం, ఉల్లిపాయ ముందే కాస్త వేయించండి. పిండి అసలు పొంగకపోతే ఈస్ట్‌ని వేడినీళ్ళలో చంపేసి ఉంటారు, వేలు పెడితే హాయిగా ఉండే గోరువెచ్చదనం చాలు. ఆ నీళ్ళలో చక్కెర, ఈస్ట్ వేసి పది నిమిషాలు ఆగండి, నురగ రాకపోతే మైదా కలపకండి.

ఫ్రెంచ్ ఫ్రైస్ త్వరగా ఎర్రబడి మెత్తబడుతున్నాయి

బంగాళదుంపలు ఫ్రిజ్‌లో పెట్టారు. చలికి అందులోని పిండిపదార్థం చక్కెరగా మారుతుంది, లోపల ఉడికేలోపే పైన మాడుతుంది. బయట ఉంచిన పాత దుంప తీసుకుని, కోసి, నీళ్ళలో అరగంట ఉంచి, పూర్తిగా తుడిచి, బెల్జియంవాళ్ళలా రెండుసార్లు వేయించండి: మొదట 150 దగ్గర రంగు రాకుండా, చల్లారాక మళ్ళీ 180 దగ్గర కరకరలాడేలా. వేయించాక మూత పెట్టారో, ఆవిరికి అన్నీ వాడిపోతాయి.

గ్వాకమోలే గంటలో నల్లబడింది

గ్వాకమోలే అంటే మెక్సికోవాళ్ళ అవకాడో పచ్చడి. అవకాడో గింజ అందులో పెడితే నల్లబడదంటారు, గింజ కింద ఉన్న భాగానికి తప్ప ఏ ఉపయోగం లేదు. నలుపుకి కారణం గాలి. నిమ్మరసం కలిపి, గిన్నెకి మూత పెట్టడం కాకుండా ప్లాస్టిక్ కవర్ పచ్చడి పైభాగానికే అతుక్కునేలా కప్పండి. పచ్చడి అని ఊరికే అనలేదు, పాత మెక్సికో నాహువాత్ల్ భాషలో ఆ పేరుకి దాదాపు అవకాడో పచ్చడి అనే అర్థం. ఇప్పటికే నల్లబడి ఉంటే పైపొర చెంచాతో గీకేయండి, కింద పచ్చగానే ఉంటుంది.